అత్తగారి పేరు

మా అత్తగారి పేరు నేను చెప్పకూడదు. ఉత్తరాదిన మా బలియా జిల్లాలో ఏ కోడలూ అత్త పేరు నోటితో పలకదు. అర్థం మాత్రం చెబుతాను: వెన్నెల. ఆవిడ పుట్టిన రాత్రి ఇంట్లో దీపానికి నూనె లేదట. మంత్రసాని వాకిట్లో వెన్నెల వెలుగులోనే పురుడు పోసిందట. వాళ్ళ నాన్న మురిసిపోయి ఆ వెన్నెల పేరే పెట్టాడు. ఈ ఇంటికొచ్చాక ఆ పేరు అటకెక్కింది. ముందు పుట్టింటి ఊరి పేరుతో రేవతీపూర్ కోడలు, కొడుకు పుట్టాక సురేంద్ర వాళ్ళమ్మ, అంతే. మేం కోడళ్ళమైతే ఆకాశంలో వెన్నెలను కూడా "తెల్లరాత్రి" అంటాం.

నిరుడు నా తోడికోడలు సంజుకు కూతురు పుట్టింది. పేరు పెట్టే హక్కు మేనత్తది. మా ఆడపడుచు ఫూలమతి వచ్చి, పిల్లను ఒళ్లో వేసుకుని, వాళ్ళమ్మ పేరే పెట్టేసింది. కూతురు కదా, ఆవిడకేం!

"అక్కా, మరి నా పిల్లను నేనేమని పిలవాలి?" అని సంజు గొల్లుమంది.

"చిట్టీ అను, బుజ్జీ అను. వదినతో ఎవరు పడతారే తల్లీ!" అన్నాను. కానీ నాకూ కడుపు రగిలింది. ఇంట్లో మగవాళ్ళు ఆ పేరుతో పిలిస్తే పిల్ల కిలకిలలాడేది. కన్నతల్లి చిట్టీ అంటే తల కూడా తిప్పేది కాదు.

మొన్న చలికాలంలో ఒకరోజు సంజు డాబా మీద వడియాలు పెడుతోంది. అత్తగారు వాకిట్లో మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నేను రొట్టెలు కాలుస్తున్నాను. పిల్ల పాక్కుంటూ కొత్తగా ఈనిన గేదె కాళ్ళ దగ్గరికి చేరింది. అది దూడ దగ్గరికి ఎవరొచ్చినా తన్నే రకం.

"చిట్టీ! ఇటు చూడు!" అని సంజు పైనుంచి అరిచింది. పిల్ల వినిపించుకోలేదు. అప్పుడు సంజు ఆ పేరు పెట్టి కేక వేసింది.

పిల్ల ఆగి పైకి చూసింది. నేను పరుగెత్తి ఎత్తుకున్నాను.

"ఆఁ, వస్తున్నానే!" అంటూ అత్తగారు మంచం మీంచి లేచింది. ఒళ్లో బఠాణీలన్నీ నేలపాలయ్యాయి.

సంజు దిగొచ్చి ఆవిడ కాళ్ళ మీద పడింది. "తప్పయిపోయిందమ్మా. నా నోరు పడిపోను!"

"ఛ, ఊరుకో. మా అమ్మ పిలుస్తోందనుకున్నానే," అంది అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఆవిడ పోయాక నన్నలా ఎవరు పిలిచారు? ఏదీ, మళ్ళీ పిలువు."

సంజు వెక్కుతూనే పిలిచింది. అత్తగారు ఆఁ అంది, నా చంకలో పిల్ల నవ్వింది.

"పెద్దదానా, నీ నోట్లో ఏం కుక్కుకున్నావ్? నువ్వూ పిలువు."

ఇంట్లో అందరికంటే పెద్ద నోరు నాదే. అలాంటిది, పిల్లను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాను. ఆవిడ ఎదురుగా నిలబడి చూస్తూనే ఉంది.

"అంజోరీ," అన్నాను.

"ఆఁ," అంది మా అత్త.