బ్యాటరీ కోటు

మా అరల్ సముద్రం గడ్డకట్టిందంటే మాకు పంట కోతకొచ్చినట్టే. మంచుగడ్డకు కన్నాలు పెట్టి, కిందికి వలలు దింపుతాం. గడ్డపారతో కన్నాలు కొట్టిన కాలంలో, అడుగు వేసే ముందు దాంతోనే ఒక పోటు పొడిచి మోత వినేవాళ్లం. కన్నాలు తొలిచే బ్యాటరీ బర్మా వచ్చాక ఆ పార ఇంటి మూల చేరింది.

అన్న కొషెర్‌బాయ్‌కి వదిన బ్యాటరీ కోటు కూడా తెప్పించింది. లోపలి తీగలు వేడెక్కుతాయి. బర్మా బ్యాటరీయే దానికీ సరిపోతుంది.

"ఇంట్లో పెళ్లాం, వీపు మీద పొయ్యి. ఇంకేం కావాలిరా నాకు?" అని నవ్వేవాడు అన్న.

ఆ మధ్యాహ్నం వలలు లాగి చెమటపట్టి, బ్యాటరీతో సహా కోటు విప్పి పక్కన పెట్టాడు. మోటారు సైకిలు ముందుకు జరుపుదామని ఎక్కాడు. గడ్డ విరిగింది. బండీ, దాని మీది బర్మా మునిగిపోయాయి. అన్నను మాత్రం తాడేసి లాగగలిగాను.

తడిబట్టలు ఊడదీసి, నా బట్టలు సగం తొడిగి, పైన ఆ కోటు వేశాను. ఒడ్డు మూడు గంటల నడక. కోటు వేడి అంతకంటే ఎక్కువసేపే నిలుస్తుంది.

"పద అన్నా, నడుద్దాం."

"నీ ఫోన్ తియ్యి."

"చలికి చచ్చిపోయింది."

"ఈ బ్యాటరీకి తగిలించు. ఊళ్లో కువానిష్‌కి చెబితే జీపు తెస్తాడు. నడవడమేంట్రా, పిచ్చోడా?"

బ్యాటరీకి ఉన్నది ఒకటే రంధ్రం. కోటు వైరు పీకితేనే ఫోన్ వైరు పడుతుంది. పైగా ఒడ్డున దిబ్బ ఎక్కితే తప్ప అక్కడెక్కడా సిగ్నల్ రాదు. కిందటి వారమే ఒక పూటంతా ఫోన్ ఎత్తి పట్టుకు తిరిగి చూశాను. అన్న ఫోనే వాడడు, ఆయనకేం తెలుసు? నాకు తెలుసు.

మాలో తమ్ముడు అన్నకు ఎదురు చెప్పడు. నాన్న పోయాక అన్నే నాన్న. నలభై ఒక్క ఏళ్లలో ఆయనతో "కాదు" అన్న పాపాన పోలేదు నేను. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగి, కోటు వైరు పీకాను.

ఫోన్ వెలగడానికి అరగంట పట్టింది. ఇంకో అరగంట సిగ్నల్ వెతుక్కుంది.

"వచ్చిందా?" అన్నాడు అన్న వణుకుతూ.

"వస్తుందన్నా."

రెండోసారీ అడిగాడు. మూడోసారి అడగలేదు. గబగబా కోటు వైరు పెట్టాను. గంటసేపు చలిగాలిలో ఉన్న బ్యాటరీ మీద ఎర్రదీపం రెండుసార్లు మిణుక్కుమని ఆరిపోయింది. అన్నను వీపున వేసుకుని నడిచాను. ఒడ్డు కనబడే లోపే పోయాడు.

ఏడో రోజు భోజనాలకు ఊరంతా వచ్చింది. జరిగిందంతా చెప్పాను, ఒక్క సిగ్నల్ సంగతి తప్ప.

"చావు ముంచుకొస్తున్నా అన్న మాట జవదాటలేదు," అన్నాడు ఊరిపెద్ద. "తమ్ముడంటే వీడూ."

వదిన తన చిన్నకొడుకు భుజం పట్టి నా ముందుకు తెచ్చింది. పెళ్లయిన వాడు, రేపు మంచు మీదికి వెళ్లాల్సింది వాడూ, వాడి అన్నా.

"విన్నావుగా? మీ అన్న దగ్గర మీ బాబాయిలా ఉండు," అంది.

వాడు తలూపాడు. అన్నను చంపింది తెరవని నా నోరేనని నాకు తెలుసు. వాడికైనా ఆ మాట చెప్పాల్సింది. పెద్దలు మాట్లాడుతున్నారు కదా అని ఊరుకున్నాను.