పసుపు అంటిన కిటికీ

నేను ఒక పెళ్లి శుభలేఖ ముక్కను. అమలాపురంలో ఒక ప్రెస్సులో పుట్టాను. నాలుగు మూలలా పసుపు రాశాక గాని ముహూర్తం తప్పు పడిందని ఎవరూ చూసుకోలేదు. పసుపు రాసిన కార్డును పంచడానికి లేదు, పారేయడానికి మనసొప్పదు. కట్టగట్టి అటక ఎక్కించారు.

ఆ ఇంటి పిల్ల వైదేహిది ఎనిమిదో తరగతి. లెక్కలు నోటితో చెబుతుంది. వాచకం తెరిస్తే మాత్రం ఒక వరుసలోంచి మరో వరుసలోకి జారిపోతుంది. బడిలో దీన్ని బద్ధకం అన్నారు. శుక్రవారం ప్రార్థన దగ్గర వార్తలు చదివే వంతు ఆమెది. "ఈసారీ తడబడితే వెళ్లి ఆరో తరగతిలో కూర్చుంటావు," అన్నారు తెలుగు మేడమ్.

కాకినాడలో ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే పిన్ని వచ్చింది.

"బద్ధకం కాదే అక్కా, డిస్లెక్సియా అంటారు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. అక్షరాల్ని మాటగా కలపడానికి దీనికి మనకంటే ఎక్కువ కష్టం," అంటూ అటక మీది కట్టలోంచి నన్ను లాగి కత్తెర తీసింది.

"దేవుడి బొమ్మ మీద కత్తెరేంటే!" అంది అమ్మమ్మ.

"స్వామిని వదిలేసి కింద ముక్కే కోస్తున్నానమ్మా."

నా మధ్యలో ఒక వరుస పట్టే కిటికీ పడింది. మొదట సన్నగా కోస్తే ఒత్తులన్నీ నా కింద దాక్కున్నాయి. ఇంకాస్త దించి కోసింది. వార్తలను పెద్ద అక్షరాల్లో, వరుసల మధ్య జాగా వదిలి రాయించింది.

శుక్రవారం వైదేహి నన్ను వరుస వరుసకీ దించుతూ చదివింది. నెమ్మదిగా చదివింది. చివరిదాకా చదివింది. మేడమ్ ఆరో తరగతి మాట మళ్లీ ఎత్తలేదు.

సోమవారం తరగతి మొత్తం శుభలేఖలతో దిగింది. ఒక్కదానికీ కిటికీ లేదు. అందరూ పసుపునే నమ్మారు. క్లాసులో ఫస్టు వచ్చేవాడైతే కార్డుతో పాఠం కప్పి, దణ్ణం పెట్టి, తీసి చూశాడు.

హెడ్మాస్టారు నవ్వలేదు. ఆయన ప్రసంగం చదివితే ఎప్పుడూ కొన్ని వరుసలు ఎగిరిపోతాయి. "ఒకసారి ఇవ్వమ్మా," అని వైదేహి దగ్గర నన్ను తీసుకున్నారు. తిరిగి ఇవ్వలేదు. ఆ వారమే నోటీసులు, ప్రశ్నపత్రాలు పెద్ద అక్షరాల్లో వేయమన్నారు. పిల్లకు కావలసినప్పుడు బద్ధకం. పెద్దాయనకు కావలసినప్పుడు సౌకర్యం.

మరుసటి శుక్రవారం ఆయన ఒక్క వరుసా వదల్లేదు. ఇన్నాళ్లూ ప్రసంగం ఎందుకు తొందరగా అయిపోయేదో ఎండలో నిలబడ్డ బడికి అప్పుడు తెలిసింది.

"ఎందుకిచ్చావే తల్లీ! ఆయనకీ డిస్లెక్సియాయేనా?" అంది వైదేహి పక్కపిల్ల.

"కాదే, చత్వారం," అంది వైదేహి. ఆమె చేతిలో తనే కోసుకున్న కొత్త కిటికీ ఉంది.

ప్రస్తుతం మాస్టారి సొరుగులో ఉంటున్నాను. గురువారం సాయంత్రం అయితే పిల్లలు నా కోసం వెతుకుతున్నారు. దాచేయడానికి.