కిటికీ తాడు

జూన్ పధ్నాలుగో తేదీ, శుక్రవారం. ఆ మధ్యాహ్నం వద్దుగారు తిన్నవి రెండు ఉడకబెట్టిన గుడ్లు, కాస్త ఎండిపోయిన రొట్టె. ఇంత కచ్చితంగా గుర్తుండిపోవడానికి కారణం ఆ భోజనం కాదు, అది తిన్న చోటు. బల్లలూ కుర్చీలూ పొద్దున్నే అమ్ముడుపోవడంతో, దుకాణం మధ్యలో నమూనాగా వేసి ఉంచిన డేరాలోకి దూరి, జిప్పు మూసుకుని, బాసింపట్టు వేసుకుని తింటున్నారు. రెండో గుడ్డు సగంలో ఉండగా జిప్పు సర్రున పైకి లేచింది. ఎవరో ఆవిడ తల లోపలికి పెట్టి ఆయన్నీ, గుడ్డునీ, డేరా మూలల్నీ ఒకే చూపులో చుట్టేసింది.

"ఏవండీ, ఇది ఎంతట? లోపలున్న పెద్దాయన కూడా దీంతోపాటేనా?" అని వెనక్కి తిరిగి అరిచింది.

"ఆయన్ని ఊరికే ఇస్తామమ్మా, డేరాకే డబ్బు!" అని గల్లాపెట్టె దగ్గర్నుంచి బావమరిది జవాబిచ్చాడు.

వద్దుగారు గుడ్డు మింగి, అలవాటు చొప్పున నిజం చెప్పేశారు. "వద్దమ్మా. ఆ ఎడమ మూల కుట్టు ఊడింది. వాన పడితే లోపల ఈత కొట్టాల్సొస్తుంది."

ఆవిడ జిప్పు మళ్ళీ మూసేసింది. పాపం, మెల్లగానే మూసింది.

ఆయన అసలు పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. కొండలెక్కేవాళ్ళకీ, అడవుల్లో తిరిగేవాళ్ళకీ, గాలం వేసేవాళ్ళకీ కావలసిన సరుకంతా దుకాణం నిండా పేర్చుకుని, వచ్చినవాళ్ళతో "వద్దండీ, మీకిది వద్దు" అనే మనిషికి ఇంకే పేరు నిలుస్తుంది? మంచుకొండల మీద తొడుక్కునే బూట్లు అడిగితే, "మీరు నడిచేది పార్కులో కదా, వద్దు" అనేవారు. పెద్ద సంచీ అడిగితే, "మీ నడుం నొప్పి ఎలా ఉంది? వద్దు" అనేవారు. ఆయన భార్య ఉన్నన్నాళ్ళూ దానికి విరుగుడు ఉండేది. ఆయన 'వద్దు' అని లోపలికి వెళ్ళగానే ఆవిడ కౌంటరు మీదికి వంగి, గుసగుసగా, "ఆయన మాటకేం గానీ, మీకు సరిపోయేది ఒకటి విడిగా తీసి ఉంచాను" అనేది. ఆ వద్దుకీ ఈ గుసగుసకీ మధ్య దుకాణం హాయిగా నడిచింది. ఆవిడ పోయాక వద్దు ఒక్కటే మిగిలింది. దాంతో అద్దె కట్టుకోవడం కుదరదు.

అందుకని బావమరిది రంగంలోకి దిగాడు. చొక్కా చేతులు మడిచి, గాజు తలుపు మీద మనిషెత్తు అక్షరాలతో బోర్డు పెట్టాడు: 'దుకాణం ఎత్తేస్తున్నాం. అన్నీ పోవాలి. కొన్న సరుకు వాపసు తీసుకోబడదు.'

ఆ బోర్డు పెట్టిన పూటనుంచీ జనం తిరునాళ్ళలా విరుచుకుపడ్డారు. దుకాణం బతికున్నంతకాలం ఇక్కడికొచ్చి బూట్లు తొడుక్కుని, నాలుగడుగులు వేసి, కొలత రాసుకుని, ఇంటికెళ్ళి ఫోన్లో ఇంకెక్కడినుంచో తెప్పించుకున్న మహానుభావులందరూ వచ్చారు. వచ్చి ముక్కులు చీదారు. "ఇలాంటి దుకాణం మళ్ళీ పుడుతుందా!" అని ఒకాయన కళ్ళు తుడుచుకుని, అదే చేత్తో దిక్సూచి ధర సగానికి సగం తగ్గించమన్నాడు. చచ్చిన బర్రె పగిలిన కుండెడు పాలిచ్చేదట. నీళ్ళ సీసా మూత ఒక్కటే కొంటానని ఒకావిడ బేరం పెట్టింది. గోడకున్న మేకులు ఎంతకిస్తారని ఇంకొకాయన అడిగాడు. తలుపు మీది చిన్న గంటని, వద్దుగారి భార్య ఎక్కడినుంచో తెచ్చి కట్టిన ఇత్తడి గంటని, ఎవరో స్టూలెక్కి తామే విప్పుకుని తెచ్చి, "దీనికెంత?" అన్నారు. బావమరిది ఎంతో చెప్పాడు. అదీ వెళ్ళిపోయింది.

వద్దుగారు భోజనం ముగించారు. డేరాలో గుడ్డు పెంకులు కాగితంలో చుట్టుకుని బయటికొచ్చారు. చేతులు కడుక్కుని అలా వీధి వైపు చూసేసరికి అద్దాల కిటికీ బోసిగా కనిపించింది. కిటికీలో ఎప్పుడూ కొండెక్కుతున్నట్టు వేలాడే బొమ్మ లేదు. బొమ్మ నడుముకి కట్టి ఉండే నీలం తాడూ లేదు.

"బొమ్మ ఏదిరా?"

"దర్జీ పట్టుకుపోయాడు బావా. దానికి కోటు తొడిగి గుమ్మంలో నిలబెడతాట్ట. మన దగ్గర వేలాడింది చాలు, అక్కడన్నా నిలబడనివ్వండి."

"తాడు?"

"మంచి బేరం తగిలింది. పొద్దున్నే ఇన్సూరెన్సు ఏజెంటు ఎత్తుకుపోయాడు. వాళ్ళమ్మాయికట. ఎల్లుండి ఆదివారం ఏదో క్లబ్బుతో కలిసి క్వారీ దగ్గర బండ ఎక్కుతుందట."

వద్దుగారు ఆసరాకి వెనక్కి చెయ్యి చాపారు. కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు.

"ఒరే, అది కిటికీ తాడురా! పదకొండేళ్ళు ఎండలో మగ్గింది. పైకి తాడులా కనిపిస్తుంది గానీ లోపల పీచు పుచ్చిపోయి ఉంటుంది. కిటికీలో పెట్టింది కిటికీకే అని మీ అక్క ఎన్నిసార్లు చెప్పలేదు?"

"సబ్బుతో శుభ్రంగా ఉతికాను బావా. వెలిసిన వైపు లోపలికి వచ్చేలా చుట్టాను కూడా," అన్నాడు బావమరిది, తన పనితనానికి మెప్పు రానందుకు నొచ్చుకుంటూ. "అయినా అంత బొమ్మని పదకొండేళ్ళు మోసింది. ఆ పిల్లని ఒక్క పూట మొయ్యదా?"

"బొమ్మ జారి పడదురా. మనిషి జారతాడు. జారినప్పుడే తాడుతో పని."

బావమరిది మొహం మొదటిసారి కాస్త వాడింది. అయినా బోర్డు వైపు చూపించాడు. వాపసు తీసుకోబడదు.

ఇన్సూరెన్సు ఏజెంటంటే ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఊళ్ళో ప్రతివాడి చావు గురించీ ముందుచూపుతో ఆలోచించి, ఆ ఆలోచనకి కమీషన్ పుచ్చుకునేవాడు. వద్దుగారు ఫోన్ చేస్తే, రెండో మోతకే ఎత్తాడు.

"అయ్యా, పొద్దున మీరు తీసుకెళ్ళిన తాడు మంచిది కాదండీ. పాతది. పొరపాటున అమ్మేశాం. తెచ్చిస్తే మీ డబ్బు మీకిచ్చేస్తాను."

అవతల్నుంచి నవ్వు వినిపించింది.

"వాపసు లేదని బోర్డు పెట్టింది మీరేనా?"

"మేమే. కానీ ఇది వేరండీ. కావాలంటే రెండింతలు ఇస్తాను."

ఆ మాట నోరు దాటగానే తను చేసిన తప్పు వద్దుగారికి అర్థమైంది. మూసేసే దుకాణం వాడు అమ్మిన సరుకుని రెండింతలు పెట్టి వెనక్కి అడిగితే, ఏ ఏజెంటయినా దాన్ని పుచ్చిన తాడు అనుకుంటాడా?

"పెద్దవారు, చదువుకున్నవారు, అబద్ధమాడడం కూడా సరిగ్గా రాదు మీకు," అన్నాడు ఏజెంటు జాలిగా. "ఏదో విదేశీ సరుకయ్యుంటుంది. తెలీక తక్కువకి ఇచ్చేశారు. అంతేనా? ఇక ఆ తాడు నా చేతినుంచి జారదు."

జారదనే మాటకి వద్దుగారు కళ్ళు మూసుకున్నారు.

ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. మంచి మాటతో చెప్పాను, డబ్బిస్తానన్నాను, ఇంకేం చెయ్యను అని పక్కనున్న ఖాళీ దిండుని అడిగారు. దిండు ఎప్పటిలాగే ఏమీ అనలేదు గానీ, ఆవిడ ఒకప్పుడు అన్న మాట మాత్రం గుర్తుకొచ్చింది. "వద్దు అంటే ఎవరూ మానరండీ. ఇంకేదైనా కావాలనిపిస్తేనే మానతారు."

శనివారం సాయంత్రం ఏజెంటు తనే వచ్చాడు. వెంట భార్య, ఆవిడ భుజాన గుడ్డసంచీ, సంచీలో నీలం తాడు. ఇంట్లో పెట్టి వస్తే ఈలోగా వద్దుగారు వెళ్ళి వాళ్ళమ్మాయిని మాయచేస్తారేమోనని వెంట తెచ్చుకున్నాడట.

"తాడో పేడో తేల్చుకుందామనే వచ్చాను. ఇందులో విశేషం ఏమిటో చెబితే నా ధర నేను చెబుతాను," అన్నాడు.

వద్దుగారు మూలనున్న బుట్ట దగ్గరికి వెళ్ళి, అడుగునుంచి ఎర్ర తాడు చుట్ట ఒకటి తీశారు. దుకాణంలో మిగిలిన ఒకే ఒక్క మంచి తాడు అది. కొత్త సరుకు, కంపెనీ సీలు కూడా విప్పలేదు. అందుకే దాని మీద పెద్దగా తగ్గింపు లేదు. అందుకే ఎవడూ ముట్టుకోలేదు. శుక్రవారం పొద్దున ఇదే ఏజెంటు ఆ బుట్టని కాలితో పక్కకి నెట్టి కిటికీ తాడు అందుకున్నాడు.

వద్దుగారు దాని ధర చీటీ గోటితో గీకేసి, తాడుని పసిబిడ్డలా గుండెకి ఆనించుకుని, లోపలి గది వైపు నడిచారు.

"అదేమిటి?" అన్నాడు ఏజెంటు.

"ఏం లేదండీ."

"ఏం లేనిదాన్ని అలా పట్టుకెళ్తారేమిటి?"

"ఇది అమ్మేది కాదు," అన్నారు వద్దుగారు. గొంతు వణికింది. అది నటన కాదు, మొదటిసారి సరుకు అమ్మబోయే మనిషికి పట్టే భయం. తర్వాత కౌంటరు మీదికి వంగి, తన భార్య వంగినట్టే వంగి, గుసగుసగా అన్నారు. "నాకోసం విడిగా తీసి ఉంచుకున్నాను."

ఏజెంటు కళ్ళు చేటలంతయ్యాయి.

"నీలంది తెచ్చిస్తే ఇదిస్తారా?"

"అయ్యో, ఎలా ఇస్తానండీ..."

"ఇవ్వాలి! మీ తప్పుకి నన్నెందుకు నష్టపరుస్తారు?"

సరిగ్గా అప్పుడే గల్లాపెట్టె దగ్గర్నుంచి బావమరిది లేచాడు. సాయం చెయ్యాలనే లేచాడు, పాపం. "మార్పిడి ఎందుకు సార్, విడిగానే తీసుకోండి! సగం ధరకి ఇచ్చేస్తాం!"

ఏజెంటు మొహం వెలిగిపోయింది. ఊరికే వస్తే నాకొకటి మా అన్నకొకటి అనే మనిషికి సగం ధరన్నా ఊరికే వచ్చినట్టే. డబ్బు కట్టేసి ఎర్ర తాడు భుజాన వేసుకున్నాడు. నీలం తాడు భార్య సంచీలోనే ఉంది. "రెండూ ఉంటాయి. అమ్మాయి ఏది కావాలంటే అది వాడుకుంటుంది," అని, రెండు చేతులా లాభం చేసుకున్న తృప్తితో గోడల మీద ఇంకా ఏమైనా మిగిలాయేమో చూడ్డానికి అటు వెళ్ళాడు.

వద్దుగారు కౌంటరు పట్టుకుని నిలబడిపోయారు. తన భార్య గుసగుస విద్య పారింది, కానీ సగమే పారింది. పదిమందిలో ఆ సంచీ లాక్కోవడమా, ఆ పిల్ల దగ్గరికి తెల్లారకుండా వెళ్ళడమా అని ఆలోచిస్తున్నారు.

ఏజెంటు భార్య దగ్గరికొచ్చి, మొగుడి వీపు వైపు ఒకసారి చూసి, మెల్లగా అడిగింది. "అన్నయ్యగారూ, ఒట్టేసి చెప్పండి. ఈ నీలంది నిజంగానే మంచిది కాదా?"

"కాదమ్మా. ఎండకి చచ్చిపోయింది. ఎర్రదానికి మాత్రం పూచీ నాది."

ఆవిడ తలూపింది. "ఈ డేరా ఒకసారి లోపల చూస్తాను," అని కాస్త గట్టిగా అంది. వంగి లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చేటప్పుడు సంచీ భుజాన్నే ఉంది గానీ, గాలి తీసిన బంతిలా ముడుచుకుపోయి ఉంది.

"వద్దంటారా ఇది?" అంది డేరా చూపిస్తూ.

"కుట్టు ఊడిందమ్మా. వద్దు."

"సరే అయితే." గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అంది. "ఆయనకి నిజం చెబితే ఎక్కదన్నయ్యగారూ. పెళ్ళయినప్పట్నుంచీ నేనూ మీరిందాక చెప్పినట్టే చెబుతున్నా. మీరు కొత్త కాబట్టి గొంతు వణికింది, అంతే."

"త్వరగా రావే, వాళ్ళు మనసు మార్చుకునేలోపు పోదాం!" అని ఏజెంటు వీధిలోంచి కేకేశాడు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, వద్దుగారు డేరాలోకి పాక్కుంటూ వెళ్ళారు. నీలం తాడు మూలకి చక్కగా చుట్టి పెట్టి ఉంది. ఊడిన కుట్టు ఉన్న మూలకే పెట్టింది ఆవిడ. పెద్ద కత్తెర తెచ్చుకుని అక్కడే కూర్చుని కోయడం మొదలుపెట్టారు. మూరెడు మూరెడు ముక్కలు చేస్తే గానీ ఆయన మనసు కుదుటపడలేదు.

బావమరిది జిప్పు తీసి తల లోపలికి పెట్టాడు. కోసిన ముక్కల్ని చూశాడు. మామూలుగా అయితే గొడవ పెట్టుకునేవాడే. కాసేపు చూసి, పక్కన చతికిలబడి, ఒక ముక్కని రెండు చేతులా పట్టుకుని వెలిసిన చోట గోటితో గీరాడు. పీచు పొడిపొడిగా రాలింది.

"అక్క ఉంటే నన్ను తన్నేది కదా బావా."

"తన్నేది. తర్వాత అన్నం పెట్టేది."

వాడు ముక్కల్ని పోగుచేసి, అలవాటు చొప్పున అన్నాడు. "పోనీ వీటిని, దుకాణం జ్ఞాపకార్థం అని, మూరకింత చొప్పున అమ్మితే? ఈ జనం కొంటారు బావా. ఏడుస్తూ కొంటారు."

"వద్దు," అన్నారు వద్దుగారు.

వాడు నవ్వేసి, ముక్కలన్నీ చెత్తబుట్టలో వేసి, రేపు పొద్దున్నే వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. వద్దుగారు ఒక్కొక్క దీపం ఆర్పుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. బోర్డు ఉన్న గాజు తలుపుని లాగుతూ, గంట మోగకుండా పట్టుకోవడానికి చెయ్యి పైకెత్తారు. పైన ఉత్త మేకే ఉంది. చెయ్యి దించుకుని, తలుపు చప్పుడు కాకుండా మూసి, తాళం వేసుకున్నారు.