ఖాళీగా ఉంచిన ఆరో గడి

ఏప్రిల్ తొమ్మిది, గురువారం. ఆ పొద్దున ఇంట్లో కాల్చిన రొట్టె, ఉడికించిన గుడ్లు. తలా రెండు గుడ్లు పెడితే, అమ్మాయి ఒకటి తిని రెండోదాన్ని పళ్ళెంలో అటూ ఇటూ దొర్లించి వదిలేసింది. ఆ సంగతి నీళ్ళాయనకి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది.

నీళ్ళాయన అంటే నీళ్ళు మోసేవాడు కాదు. బట్టలకి రంగులద్దే మిల్లులో, నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబుకి పెద్ద. కాలేజీలో రసాయనశాస్త్రం చదువుకుని వచ్చి, ఇరవై ఏడేళ్ళుగా అదే కిటికీ పక్కన అదే కుర్చీలో కూర్చుంటున్నాడు. రంగు తొట్లలోకి వచ్చే నీళ్ళని రోజుకి నాలుగుసార్లు పట్టి చూస్తాడు. నీళ్ళలో ఇనుము ఏ కాస్త ఎక్కువైనా తెల్లబట్ట మీద పసుపు మరక తేలుతుంది మరి. ఆయన అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. భార్య పోయి పదకొండేళ్ళు. అప్పటినుంచీ ఇల్లు నడిపేది ఆయన అక్కయ్య. అమ్మాయికి మేనత్త, నోటి విషయంలో మాత్రం వీధి మొత్తానికీ అత్తగారే.

అమ్మాయి ఆర్నెల్ల క్రితం అదే మిల్లులో చేరింది, సామాజిక బాధ్యత విభాగంలో. మిల్లు తన చుట్టూ ఉన్న జనానికి చేసే మంచి పనులు చూసుకోవడం ఆ విభాగం పని. ప్రపంచ దేశాలన్నీ కలిసి ఒప్పుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు పదిహేడు ఉన్నాయి కదా, మిల్లు చేసిన ప్రతి పనీ వాటిలో దేనికి చెందుతుందో తేల్చి ఏటా నివేదిక రాయాలి. మీటింగు హాల్లో గుండుసూదులు దిగే ఒక పెద్ద కార్కు పలక, దాని మీద పదిహేడు రంగుల్లో పదిహేడు గళ్ళు. ఒకటోది పేదరికం, రెండోది ఆకలి, ఆరోది శుభ్రమైన నీళ్ళు, అలాగ. ఏడాదికోసారి విభాగాల పెద్దలు ఒక్కొక్కరే లేచి, గుండుసూదికి అంటించిన కాగితం జెండాని తమ పని ఏ గడిదో ఆ గడిలో గుచ్చుతారు. అందరూ చప్పట్లు కొడతారు. ఎవరి జెండా వాళ్ళే గుచ్చాలి, అది అక్కడి ఆనవాయితీ.

ఆనవాయితీ మంచిదే. పోనుపోను జెండాలు ఎక్కువై పనులు తక్కువయ్యాయి. కిందటేడు గేటు ముందు నాటిన ఒక్క వేపమొక్కకి అయిదు గళ్ళలో జెండాలు పడ్డాయి. నెల తిరక్కుండా దాన్ని మేక తినేసింది. ఆ మాట విని అక్కయ్య, "అయితే మేక ఆకలి తీరిందిగా, రెండో గడిలో కూడా ఒకటి గుచ్చమనండి" అంది.

ఆ పలక మీద నిఖార్సైన జెండా ఒకటుందంటే అది తనదేనని నీళ్ళాయన నమ్మకం. ఆరేళ్ళ క్రితం ముప్ఫై బళ్ళలో మంచినీళ్ళ యంత్రాలు పెట్టించాడు. గొట్టాలు తనే ఎంచాడు. ప్రతి బడికీ తనే వెళ్ళి, మొదటి గ్లాసు తనే తాగాడు. దానికి మిల్లుకి షీల్డు కూడా వచ్చింది.

"నాన్నా, ఇవాళ బళ్ళకి వెళ్తున్నా. నీ యంత్రాలు చూడాలి" అంది అమ్మాయి, గుడ్డు దొర్లిస్తూ. "చూడకుండా ఈసారి ఏ గడికీ జెండా రాయను."

"చూడు తల్లీ, బాగా చూడు. మిగతా గళ్ళ సంగతి నాకు తెలీదు గానీ, ఆరో గడికి ఢోకా లేదు."

"కాకి పిల్ల కాకికి ముద్దు, ఈయన యంత్రాలు ఈయనకి ముద్దు" అంది అక్కయ్య, పళ్ళేలు తీస్తూ.

మధ్యాహ్నం రెండు దాటాక అమ్మాయి ల్యాబుకి వచ్చింది. మిల్లు గేటు దాటితే నాన్న సార్ అయిపోతాడు. ఇద్దరూ పెట్టుకున్న నియమం అది.

"సార్, ఆరు సీసాలు. తాగే నీళ్ళ పరీక్ష కావాలి."

సీసాల మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు తప్ప ఏమీ లేవు. అది ల్యాబు పద్ధతే. ఏ నీళ్ళు ఎక్కడివో పరీక్షించేవాడికి తెలియకూడదు. తెలిస్తే కన్ను మొగ్గుతుంది. ఆ పద్ధతి పెట్టింది నీళ్ళాయనే. అందుకని అడగలేదు. బళ్ళకి వెళ్ళిన పిల్ల సీసాలతో వచ్చిందంటే ఊహించడం కష్టమేం కాదు. కానీ ఆరింట్లో ఏవి బావివో, ఏవి కుళాయివో, ఏవి యంత్రానివో ఎవరికి తెలుసు? ఒక్కోదాంట్లోంచి కొంచెం కొంచెం చిన్న సీసాల్లోకి వంచి, మందు కాగితం వేసి, మూత బిగించి వెచ్చని పెట్టెలో పెట్టాడు. నీళ్ళలో మలినపు క్రిములుంటే ఒకటి రెండు రోజుల్లో ఆ నీళ్ళు నల్లబడతాయి. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే పరీక్ష.

శనివారం పొద్దున పెట్టె తెరిచాడు. అయిదు సీసాలు బొగ్గులా ఉన్నాయి. నాలుగో నంబరు ఒక్కటే తేటగా ఉంది.

నీళ్ళాయన కళ్ళజోడు తుడుచుకుని రిజిస్టరు తీశాడు. అయిదు అంకెల ఎదురుగా 'తాగడానికి పనికిరాదు' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. నాలుగో దాని ఎదురుగా 'మంచిది' అని రాశాడు. కింద సంతకం చేశాడు. అప్పుడు పక్కనే నిలబడ్డ అమ్మాయిని అడిగాడు.

"ఎక్కడివమ్మా ఇవి? ఈ నీళ్ళు ఎవరైనా తాగుతున్నారా?"

అమ్మాయి నియమం మర్చిపోయింది.

"ఆరూ నీ యంత్రాల్లోవే నాన్నా."

బయట రంగు తొట్ల హోరు. నీళ్ళాయన సీసాలవైపు చూశాడు, తన సంతకం వైపు చూశాడు.

"నన్ను పరీక్షించావా?"

"నిన్ను కాదు, నీళ్ళని. నేను వచ్చి నోటితో చెబితే నువ్వు నమ్మేవాడివా? నీ చేత్తో నువ్వు రాస్తే ఇక ఎవరూ కాదనలేరు. నువ్వు కూడా."

"వడపోత గొట్టాలు ఆర్నెల్లకోసారి మార్చాలని అప్పుడే రాశానే..."

"రాశావు. నీ ల్యాబు రిజిస్టర్లోనే రాశావు. బళ్ళలో ఎవరికీ తెలీదు. నేనైతే ఆరో గడికి జెండా రాయలేను. నువ్వు రాయమన్నా రాయలేను." ఆ పిల్ల రిజిస్టరు మూసింది. "రాయకపోతే అందరి ముందూ నీ పరువు పోతుంది. నాకు రెండు రోజులుగా నిద్ర లేదు."

నీళ్ళాయన "నాలుగో నంబరు ఏ బడి?" అని మాత్రం అడిగాడు.

సోమవారం సాయంత్రం ఆ బడికి వెళ్ళాడు. ఎక్కబోయే బస్సు కదిలిపోతుంటే కండక్టరు చూసి గంట కొట్టి ఆపించింది. అలాంటి రోజుల్లో అంత చిన్న దయ కూడా గుండెకి తగులుతుంది. బళ్ళో పిల్లలు వెళ్ళిపోయారు. వరండా మూలన యంత్రం, దాని మీద ఉతికిన గుడ్డ, పక్కన బోర్లించిన గ్లాసులు. బడి పనులు చూసే ఆయమ్మ నేల తుడుస్తోంది.

"ఈ యంత్రాన్ని ఎవరు చూస్తారమ్మా?"

"ఇంకెవరు? నేనే. మీరు మిల్లువాళ్ళా? అయితే బాగా గుర్తు. పెళ్ళివారిలా దిగారు, రిబ్బను కత్తిరించారు, ఫొటోలు తీసుకున్నారు, వెళ్ళారు. మళ్ళీ జాడ లేదు."

"నేనూ వచ్చానమ్మా ఆ రోజు."

"వచ్చుంటారు. మొదటి గ్లాసు ఎవరో పెద్దమనిషి తాగాడు. రెండో గ్లాసు నుంచి మా పిల్లలే తాగుతున్నారు." ఆమె గుడ్డ పిండింది. "ఏడాది తిరిగేసరికి నీళ్ళు వాసన. మా మరిది కుళాయిలు బాగుచేస్తాడు, వాణ్ణి పిలిచి విప్పించాను. లోపల చూడాలి, జిగురు! అప్పటినుంచీ శనివారం శనివారం నేనే కడుగుతా. గొట్టం పాడైతే హెడ్మాస్టరు గారి ప్రాణం తీసి కొత్తది తెప్పిస్తా."

"నీకు ఎవరు చెప్పారమ్మా ఇలా చెయ్యమని?"

ఆయమ్మ ఆయన్ని వింతగా చూసింది. "పిల్లలు తాగే నీళ్ళండీ" అంది.

ఆ ముక్క చాలు. తిరుగు బస్సులో నీళ్ళాయనకి సిగ్గుగా ఉంది. ఆ సిగ్గులోనే ఎక్కడో ఊరటగా కూడా ఉంది.

శుక్రవారం మీటింగు. ముందు వరసలో ఎం.డి. మేడమ్, మిల్లు ఆవిడదే. ప్రచారం ఆఫీసరు, అందరూ ఫొటోలబాబు అంటారు, ఒక గ్లాసు నిండా జెండాలు పట్టుకు తిరుగుతున్నాడు. అమ్మాయి లేచి నివేదిక చదివింది.

"నేను వెళ్ళి చూసి, నిజమని చెప్పగలిగిన గళ్ళు మూడు. మిగతావి ఈసారి ఖాళీగా వదిలేయమని నా సిఫారసు. ఆరో గడితో సహా."

హాల్లో కలకలం రేగింది.

"మూడా!" అన్నాడు ఫొటోలబాబు. "కిందటేడు పదిహేను గళ్ళు నింపాం. నివేదిక పుస్తకం అచ్చుకి కూడా ఇచ్చేశాను. ఆరో గడి ఖాళీ ఏమిటమ్మా? షీల్డు వచ్చిన పని! సొంత నాన్న పని! ఇంట్లో ఏమైనా గొడవపడ్డారా?"

కొందరు నవ్వారు. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి, కానీ కూర్చోలేదు.

"నీళ్ళాయన గారూ, మీరే చెప్పండి" అన్నారు మేడమ్.

నీళ్ళాయన లేచాడు. ఫొటోలబాబు చేతిలోంచి ఒక జెండా తీసుకుని పలక దగ్గరికి నడిచాడు. చప్పట్లకి చేతులు లేచాయి. ఆయన ఆరో గడి ముందు నిలబడి, వెనక్కి తిరిగి వచ్చి, ఆ జెండాని మళ్ళీ గ్లాసులో పెట్టేశాడు.

"పరీక్ష నేనే చేశాను. సంతకం నాదే. ఆరు యంత్రాల్లో అయిదింటి నీళ్ళు తాగడానికి పనికిరావు. నాలుగో నంబరు ఒక్కటే మంచిది, అదీ అక్కడి ఆయమ్మ ఎవరూ చెప్పకుండానే వారం వారం కడగబట్టి. మిగతా ఇరవై నాలుగూ చూడాలి. చూశాక మనకి ఇంకా సిగ్గేస్తుందనే అనుకుంటున్నాను." మేడమ్ వైపు తిరిగాడు. "మిల్లు నీళ్ళు రోజుకి నాలుగుసార్లు చూస్తాను, బట్ట మీద మరక పడకూడదని. పిల్లల నీళ్ళు ఒక్కసారే చూశాను, రిబ్బను కత్తిరించిన రోజు. ఇచ్చిన యంత్రాలు లెక్కపెట్టుకున్నాను గానీ, తాగుతున్న నీళ్ళు చూడలేదు. తప్పు నాది. అమ్మాయిది కాదు."

ఎవరూ నవ్వలేదు.

"పలక ఇంత బోసిగా ఉంటే బయటివాళ్ళు ఏమనుకుంటారమ్మాయ్?" అన్నారు మేడమ్. గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతున్నారు.

"ఖాళీ గడిని ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పగలం మేడమ్. అబద్ధం జెండాకి ఏం చెబుతాం? పైన పటారం, లోన లొటారం అంటారు." అమ్మాయి పలక వైపు చెయ్యి చాపింది. "పదిహేడూ మనమే మొయ్యనక్కర్లేదు. మనది రంగుల మిల్లు. ఈ ఊరి దగ్గర మనం అన్నిటికన్నా ఎక్కువ తీసుకునేది నీళ్ళు. మురికి చేసి వదిలేదీ నీళ్ళే. అయితే మన బాధ్యత మొదలవ్వాల్సింది అక్కడే కదా? ముందు మనం వదిలే నీళ్ళు, తర్వాత పిల్లలు తాగే నీళ్ళు. ముప్ఫై బళ్ళలో యంత్రాలు చూసుకునే పని అక్కడి ఆయమ్మలకే నేర్పించి, జీతమిచ్చి అప్పజెబుదాం. ప్రతి వారం సీసాలు మన ల్యాబుకి రావాలి. ఏడాది పాటు ఒక్క సీసా కూడా నల్లబడకపోతే, అప్పుడు ఒక్క జెండా గుచ్చుదాం. ఒక్కటే."

మేడమ్ ఫొటోలబాబు వైపు తిరిగి, "అచ్చు ఆపించండి" అన్నారు.

"మేడమ్, మరి ఆ పుస్తకంలో..."

"మూడు గళ్ళ పుస్తకం వెయ్యండి. పల్చగా ఉంటుంది, చదువుతారు." మళ్ళీ నీళ్ళాయన్ని చూశారు. "వదిలే నీళ్ళ సంగతి ఒక్క ఏడాదిలో తేలేది కాదు, మీకూ తెలుసు నాకూ తెలుసు. కానీ మొదలుపెడదాం. అందరికీ నేర్పేది ఆ నాలుగో నంబరు బడి ఆయమ్మే అయితే బావుంటుంది. అడిగి చూడండి, ఒప్పుకుంటుందేమో."

"మనల్ని నాలుగు తిట్టి ఒప్పుకుంటుందండి" అన్నాడు నీళ్ళాయన.

ఇంటికి వచ్చేసరికి కబురు ముందే చేరింది.

"ఏరా, కూతురు నిన్ను నలుగురిలో నిలబెట్టి కడిగేసిందట?" అంది అక్కయ్య.

"కడిగింది అక్కయ్యా. నాకే తీరిక లేక వదిలేసిన మురికి."

"నేను కడగలేదత్తా, నాన్నే లేచి చెప్పాడు" అంది అమ్మాయి. తర్వాత నెమ్మదిగా, "బాధపడ్డావా నాన్నా?" అంది.

"పడ్డాను. ఆరేళ్ళుగా తలెత్తుకు తిరిగింది ఉత్తదే అని తెలిస్తే బాధ ఉండదా?" నీళ్ళాయన పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కానీ అమ్మడూ, యంత్రం పెట్టడం డబ్బున్న వాడెవడైనా చేస్తాడు. తండ్రి పని తప్పని రాయడానికి గుండె కావాలి. అది నీకు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు. నా దగ్గర్నుంచి మాత్రం కాదు."

"మీ అమ్మ దగ్గర్నుంచి" అంది అక్కయ్య ఠక్కున. "అది కూడా ఇంతే. కూర మాడితే మాడిందనే చెప్పేది, తను వండినా సరే." ఎప్పుడూ ఎవర్నీ మెచ్చుకోని మనిషి. ఆ మాట అనేసి, ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మాయి ఆ రాత్రి కడుపునిండా తిని, ఎనిమిది రోజుల నిద్రా ఒక్కసారే తీర్చుకుందామన్నట్టు తొమ్మిదింటికే మంచమెక్కింది. నీళ్ళాయన ముందు గదిలో ఫోన్ పట్టుకున్నాడు. అవతల ఆయన తమ్ముడు.

"ఒరేయ్ తమ్ముడూ, వింటున్నావా? హాలు నిండా పెద్ద పెద్దవాళ్ళు. అందరి ముందూ మా అమ్మాయి లేచి, ఆరో గడి ఖాళీ అంది! ఎవరి గడి అనుకున్నావ్? నాదేరా, నా గడే! కాదురా, ఎందుకు కోప్పడతాను? ముందు మొత్తం విను..."

మాట మాటకీ గొంతు పెరుగుతోంది. అక్కయ్య లోపల్నుంచి వచ్చి నీళ్ళాయన వైపు ఒకసారి ఉరిమి చూసింది. ఆయన చూసుకోలేదు. ఆవిడ ఏమీ అనకుండా అమ్మాయి గది దగ్గరికి వెళ్ళి, దుప్పటి భుజాల దాకా లాగి, బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.