ఆరుగురి లిఫ్టు

ఉదయం ఎనిమిదిన్నర అయ్యేసరికి ఆ భవనం కింద లిఫ్టు ముందు వరస కట్టేస్తారు. అయిదో అంతస్తులో యూనిఫాంలు కుట్టే కార్ఖానా, నాలుగులో పళ్ళ డాక్టరు, మూడులో ట్యూషన్లు. లిఫ్టులో ఆరుగురికే చోటు. అందులో ఒకరు స్టూలు వేసుక్కూర్చుని దాన్ని నడిపే బాబాయి. ఆయనకి కోపం ముక్కుమీదే ఉంటుంది. ఏడో మనిషి కాలు పెడితే కసురుతాడు. ఆయన కసరకపోయినా లిఫ్టు కదలదు. దానికి బరువుతో పనిలేదు, మనుషుల్ని లెక్కపెడుతుంది. ఎందరున్నారో తలుపుపైన ఎర్ర అంకె చూపిస్తుంది.

కడుపుతో ఉన్న మనిషి ఎక్కితే ఆ అంకె ఒకటి కాక రెండు పెరుగుతుంది. ఆమెకింకా తెలియకపోయినా, నెల తప్పకపోయినా సరే. అలా పెరిగినప్పుడల్లా బాబాయి కోపం ఎటో పోయేది. "సంతోషం తల్లీ. ఇవాళ్టి నుంచి బరువులెత్తకు, పరుగులు పెట్టకు, ఏ మందూ ముట్టకు" అనేవాడు. ఇరవై ఏళ్ళుగా అవే మాటలు. ఆడవాళ్ళు వాటిని చెవిన వేసుకుని, మిగతా సంగతులు తర్వాత డాక్టర్ల దగ్గర వినేవారు.

కార్ఖానాలో గుండీలు కుట్టే ఆవిడని అందరూ గుండీలమ్మాయి అంటారు. అమ్మాయి అనే వయసు దాటి చాలాకాలమైనా పేరు వదల్లేదు. భర్త స్కూలు బస్సు నడుపుతాడు. పెళ్ళయి ఆరేళ్ళయింది. లిఫ్టు ఆమెని రెండుసార్లు ఇద్దరిగా లెక్కపెట్టింది. రెండుసార్లూ ఆమె బాబాయి మాట తు.చ. తప్పకుండా పాటించింది. పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్రని ఆ రోజే డ్రాయరులో పడేసింది.

రెండుసార్లూ తొమ్మిదో వారంలోనే ఒక ఉదయం అంకె ఒకటే పెరిగింది. మొదటిసారి, తను సరిగ్గా నిలబడలేదేమో అనుకుని దిగి మళ్ళీ ఎక్కింది. మళ్ళీ ఒకటే. బాబాయి ముఖం తిప్పుకున్నాడు. సాయంత్రానికి కడుపులో నొప్పి మొదలైంది.

రెండోసారి పోయాక ఆమె లిఫ్టు జోలికి వెళ్ళలేదు. నూట నాలుగు మెట్లు. రొప్పుకుంటూ వచ్చి మిషను ముందు కూలబడేది. "ఒంటికి మంచిదట" అనేది ఎవరైనా చూస్తే. ఎవరూ నమ్మలేదు, ఎవరూ గుచ్చి అడగలేదు. పిల్లలంటే ఆమెకి ప్రాణం. ఇంకొక్కసారి ఆ అంకె ఒకటే పెరగడం చూస్తే మాత్రం తట్టుకోలేదు.

భర్తే పట్టుబట్టి కొత్త డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ పాత కాగితాలన్నీ ముందేసుకుంది.

"మాత్ర ఎప్పటిదాకా వేసుకున్నావమ్మా?"

"లిఫ్టు చెప్పిన రోజుదాకా."

డాక్టరమ్మకి లిఫ్టు సంగతి తెలుసు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినప్పుడే ఆవిడకి తన రెండో కొడుకు కబురు అందింది. ఆవిడ ఆశ్చర్యపోయింది మాత్ర మానడానికి.

"ఆ మాత్ర మానకూడదమ్మా. కడుపు నిలిచాక ఇంకాస్త పెంచాల్సి వస్తుంది. మొదటి నెలల్లో బిడ్డకి కావలసిన థైరాయిడ్ హార్మోను కూడా నీ ఒంట్లోంచే వెళ్ళాలి."

"అయితే నేనే చేజేతులా..."

"అదే కారణమని నేను చెప్పలేను, వేరే ఏదైనా అయ్యుండొచ్చు. తెలియక మానేశావు, దానికి నిన్ను నువ్వు తిట్టుకోకు. ముందు మాత్ర రోజూ వేసుకో. రక్తపరీక్ష కుదుటపడ్డాక పిల్లల సంగతి చూద్దాం. నిలిచినట్టు తెలిసిన రోజే నా దగ్గరికి రా."

తెలిసిన రోజే రావాలంటే లిఫ్టు ఎక్కాలి. ఆ మాట ఇద్దరూ పైకి అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడు ఆమె గుమ్మం బయటే నిలబడింది.

"బాబాయ్, మందులు ముట్టొద్దని మీకెవరు చెప్పారు?"

"మా అమ్మ అనేది. ఏం తల్లీ?"

చెప్పింది. గొంతు పెంచకుండానే చెప్పింది. "ఎంతమందికి చెప్పానో" అన్నాడు బాబాయి నేలకేసి చూస్తూ. ఆ పూట ఆయన ఎవర్నీ కసరలేదు. సాయంత్రం ఆమె మెట్లు దిగి వెళ్తుంటే ఆపి అడిగాడు. "ఇకమీదట ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు."

నాలుగు నెలలు గడిచాయి. రక్తపరీక్ష కుదుటపడింది. ఆ తర్వాత రెండు నెలలకి, ఒక సోమవారం, ఆమె గుండె చిక్కబట్టుకుని లిఫ్టులో కాలుపెట్టింది. లోపల బాబాయి ఒక్కడే. అంకె ఒకటి నుంచి మూడైంది. బాబాయి లేచి నిలబడ్డాడు.

"మాత్ర మానకు తల్లీ. వేసుకునే మందులన్నీ డాక్టరమ్మకి చూపించు. ఇప్పుడే వెళ్ళు, కార్ఖానాలో నేను చెప్తాలే."

ఆ రోజే మోతాదు పెరిగింది. అప్పట్నుంచి ఆమె రోజూ లిఫ్టే ఎక్కింది, కళ్ళు గట్టిగా మూసుకుని. అంకె చూసే ధైర్యం లేదు. బాబాయి రోజూ చిన్నగా దగ్గేవాడు. ఆ దగ్గు వినపడితే ఊపిరి పీల్చుకునేది.

తొమ్మిదో వారం దాటింది. పదోదీ దాటింది. పదకొండో వారం మొదటి ఉదయం లిఫ్టులో అప్పటికే ట్యూషను మాస్టారు, పళ్ళ డాక్టరు, కార్ఖానాలో బట్ట కత్తిరించే వదిన, దవడ వాచిన ముసలాయన ఉన్నారు. బాబాయితో అయిదుగురు. ఆమె కళ్ళు మూసుకుని ఎక్కింది. తలుపు పడింది. లిఫ్టు కదల్లేదు.

బాబాయి దగ్గలేదు. కళ్ళు తెరిచి చూస్తే అందరూ తలలెత్తి తలుపుపైకే చూస్తున్నారు. ఏడు.

ఎవరో ఒకరు దిగాలి. మాస్టారికి క్లాసు టైమైపోయింది. ముసలాయన దవడ పట్టుకుని నిలబడ్డాడు. వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. దిగమని బాబాయి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ దిగలేదు. ఆమె వెక్కివెక్కి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, నవ్వేదాకా ఆరుగురూ అలాగే నిలబడి ఉన్నారు.