చిలకపచ్చ పడుగు

కడెం ప్రాజెక్టు గేట్ల మీదినుంచి నీళ్లు దుమికిన ఏడాది అది. ఆ వానలకే మా సిరిసిల్లలో చెరువు నీళ్లు వీధుల్లోకి వచ్చాయి. నేను కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంట నిండిపోయింది. ఆ నీళ్లు తోడింది మా చిన్నబిడ్డ మమతారాణి. రెండు బకెట్లతో పొద్దంతా తోడింది. తోడి, కాళ్లు కడుక్కుని, సంచి భుజాన వేసుకుని కరీంనగర్‌లో ఆటల క్యాంపుకు బస్సెక్కింది. నేను తప్పు చేసింది ఆ గుంటలో కూర్చునే. అందుకే ముందు ఈ సంగతి చెబుతున్నాను.

మమత బాస్కెట్‌బాల్ ఆడుతుంది. జీతాలిచ్చి ఆడించే ఆడపిల్లల లీగు ఆ ఏడాదే మొదలైంది. ఎనిమిది ఊళ్ల పేరిట ఎనిమిది టీంలు. పెద్ద టీంలవాళ్లు ఏరుకోగా మిగిలిన పిల్లలను కూడేసి కరీంనగర్‌కు ఇచ్చారు. దానికి మానేరు అని పేరు పెట్టారు. శ్రీరాంపూర్ బొగ్గుబాయి కార్మికుని కూతురు ఒకతె, కాగజ్‌నగర్ పిల్ల ఒకతె, మొత్తం తొమ్మిది మంది. మా బిడ్డ పొట్టిది. అయినా దాన్నే కెప్టెన్ చేశారు.

మొదటి నాలుగు ఆటలూ ఓడారు. చాయ్ హోటల్లో నా బావమరిది సిద్దిరాములుకు రోజూ అదే పని.

“ఏం బావా, నిన్న గూడ బంతి బుట్టల పడలేదట? జర పెద్ద గంప కట్టుమని చెప్పరాదు!”

నేను చాయ్ తాగి లేచేవాణ్ని. నాకు మాటలు తక్కువ. మాట్లాడనివాణ్ని జనం పెద్దమనిషి అనుకుంటారు.

తర్వాత ఎట్లానో గెలవడం మొదలుపెట్టారు. ఒక పాయింటుతో ఒకటి, మూడు పాయింట్లతో ఒకటి. డిసెంబరులో సెమీఫైనల్ కూడా గెలిచారు. ఫైనల్లో ఎదుటి టీం హైదరాబాద్‌ది. దాని పేరు రాజధాని. ఆ టీం అప్పటిదాకా ఒక్క ఆట ఓడలేదు. మా పిల్లలనయితే ముప్పై పాయింట్ల తేడాతో ఓడగొట్టింది.

సెమీఫైనల్ అయిన మరునాడు సదానందం మా ఇంటికి వచ్చాడు. బట్టల దుకాణం అతనిది. లీగు కమిటీలో కూడా ఉన్నాడు. వాకిట్లోనే రెండు మూటలు దించాడు.

“రాయమల్లు మామా, ఈసారి గెలిసినోళ్లకు శాలువలు వద్దన్నరు. చేనేత కండువాలే కప్పుతరట. అంచుల టీం పేరు పడాలె. రెండు టీంలయి నెయ్యి. ఎవరు గెలుస్తే వాళ్లయి కప్పుతం.”

“ఎన్ని?”

“ఒక్కో టీంకు పన్నెండు. పది రోజులున్నయి. అయితదా?”

ఇరవైనాలుగు కండువాలు. నా చేతులు పది రోజుల్లో అన్ని నేయలేవు. ఆ మాట అప్పుడే అనాలి. కానీ బిడ్డ టీం పేరు నేయమని ఇంటికొచ్చి అడుగుతుంటే, కాదని ఎట్లా అంటాను?

“అయితది,” అన్నాను.

ఆ మూటల్లో నిలువు పోగులు చుట్టిన రెండు పడుగులున్నాయి. రాజధానికి వంకాయరంగు అంచు, మానేరుకు చిలకపచ్చ అంచు. మగ్గం మీద ఒక్కసారి ఒక్క పడుగే ఎక్కుతుంది. మార్చాలంటే కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటి పాత పడుగు కొసలకు అతకాలి. పన్నెండు వందల పోగులు. అంచులో పేరు పడే జకార్డు అట్టలు కూడా మార్చాలి. ఒక రోజంతా దానికే పోతుంది. అంటే ముందు ఎక్కిందే పూర్తవుతుంది. రెండోది ఎన్నయితే అన్నే.

నా భార్య కనకవ్వ చిలకపచ్చ పడుగును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ముందుగాల బిడ్డది ఎక్కియ్యి.”

“పనికొచ్చేది ముందుగాల ఎక్కియ్యాలె.”

“అంటే ఇది పనికి రాదా?”

నేను వంకాయరంగు పడుగు ఎత్తుకుని గుంటలో దిగాను. నలభై ఎనిమిదేళ్లు మగ్గం మీద నేర్చుకున్నది అదొక్కటే: అమ్ముడుపోయే బట్టనే నేయాలి.

“ఆట ఆడకముందే ఓడగొడితివి గదయ్యా,” అంది కనకవ్వ.

మా నేతవాళ్లలో ఒక ఆచారం ఉంది. కొత్త పడుగు మీద కోసిన మొదటి బట్టను మార్కండేయ స్వామికి ఇస్తాం. రెండో రోజు మొదటి కండువా కోసి గుడికి తీసుకుపోయాను. పూజారి దాన్ని స్వామి భుజం మీద కప్పాడు. అంచులో రాజధాని అన్న అక్షరాలు దూరానికి కూడా కనబడుతున్నాయి. సాయంత్రానికి సిద్దిరాములు చూడనే చూశాడు.

“బావా, బిడ్డ ఓడాలెనని మొక్కుకున్నవా ఏంది?”

హోటలంతా నవ్వింది. నేనూ నవ్వినట్టు పెదవులు కదిలించాను.

ఆరో రోజు మమత ఫోన్ చేసింది.

“బాపు, మా కండువాలు నువ్వే నేస్తున్నవట గదా! సదానందం సారు చెప్పిండు.”

“ఆఁ.”

“చిలకపచ్చయేనా? ఎట్లొస్తున్నయి?”

ఎదురుగా మగ్గం మీద వంకాయరంగు అంచు మెరుస్తోంది.

“మంచిగొస్తున్నయి.”

“మా పోరిలందరికి చెప్పిన. మా బాపు ఒట్టిగ ఒక్క పోగు గూడ ముట్టుకోడు, నేస్తుండంటె మనం గెలుస్తమని ఎర్కయినట్టే అన్న. శ్రీరాంపూర్ పోరి ఏమన్నదో ఎర్కేనా? మా బాపయితే నాకు బస్సు టికెట్టే దండుగ అన్నడు, నీ బాపును నాకియ్యరాదు అన్నది!” ఫోన్లో చాలా మంది నవ్వులు వినబడ్డాయి. “ఉంట బాపు. నడుము నొయ్యంగ నెయ్యకు. పన్నెండొద్దు, మాకు తొమ్మిదయితే చాలు.”

ఫోన్ పెట్టేసింది. నేను నాడె అందుకుని వంకాయరంగు కండువానే నేశాను.

ఏడో రోజుకు, గుడికి ఇచ్చింది కాక, రాజధానివి పన్నెండూ అయ్యాయి. ఇంకా మూడు రోజులున్నాయి. ఒక రోజు అతుకుళ్లకు పోయినా, రెండు రోజుల్లో నాలుగు చిలకపచ్చ కండువాలు వచ్చేవి. తెల్లారుజాములు కూర్చుంటే ఐదు. నేను కూర్చోలేదు. మోకాలు నొస్తుందని కనకవ్వతో అన్నాను. నొప్పి లేదు. తొమ్మిది మందికి నాలుగు కప్పితే బాగుంటుందా అని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఓడిపోయినవాళ్ల కండువాలు ఇంట్లో పెట్టెలో పడి ఉంటాయి, పెట్టె తీసినప్పుడల్లా కనబడతాయి అనిపించింది. మూడు రోజులు గడపలో కూర్చుని గడిపాను.

ఫైనల్ రోజు మూట కట్టుకుంటుంటే కనకవ్వ అడిగింది.

“పిల్లకు ఏం చెప్తవు?”

“గెలిస్తె గదా.”

ఆమె నాతో రాలేదు. నేను, సిద్దిరాములు కరీంనగర్ బస్సెక్కాం.

స్టేడియం గేటు దగ్గరే సదానందం ఎదురొచ్చాడు. మూట అందుకుని బరువు చూశాడు.

“రెండు టీంలయి ఉన్నయా మామా? గింత చిన్నగున్నది మూట?”

“నూలు సన్నది,” అన్నాను.

అతను చాలా తొందరలో ఉన్నాడు. మూట బల్ల కింద పెట్టి వెళ్లిపోయాడు.

ఆట నాకు పూర్తిగా తెలియదు. రాజధానిలో ఒక పిల్ల మరమగ్గాల షెడ్డు తలుపంత ఉంది. మావాళ్లు ఆమె చంకల కిందినుంచి దూరి పోతున్నారు. సగం ఆటకు పన్నెండు పాయింట్లు వెనుకబడ్డారు. నాకు ఊపిరి తేలికగా ఆడుతోంది. మూటలో ఉన్నవి సరిగ్గా సరిపోతాయి.

తర్వాత శ్రీరాంపూర్ పిల్ల దూరం నుంచి వరుసగా మూడు బంతులు వేసింది, ఒక్కోదానికి మూడు పాయింట్లు. పన్నెండు తేడా మూడయింది. మళ్లీ ఏడయింది. మళ్లీ రెండు. జనం కుర్చీల మీదికి ఎక్కారు. సిద్దిరాములు నా చొక్కా పట్టుకుని గుంజుతున్నాడు. గోడ మీది గడియారంలో నాలుగు సెకండ్లు మిగిలినప్పుడు రెండు టీంలూ యాభై ఎనిమిది దగ్గర సమానంగా ఉన్నాయి. అప్పుడే మమత బంతితో దూసుకుపోతుంటే ఆ పొడుగు పిల్ల అడ్డం వచ్చి పడేసింది. రిఫరీ విజిల్ వేశాడు.

“రెండు చాన్సులు బావా! ఎవ్వరు అడ్డం రావద్దు. గీత కాడ నిలవడి ఏసుడే! ఒక్కటి పడ్డా మనమే!”

మమత గీత దగ్గర నిలబడింది. అరచేతులు లాగు మీద తుడుచుకుంది. నేను పోగు అతికే ముందు వేళ్లు అట్లాగే ధోవతికి తుడుచుకుంటాను. నన్ను చూసే నేర్చుకుంది.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఇది. బంతి దాని చేతిలోంచి లేచినప్పుడు, పడొద్దు అనుకున్నాను.

బంతి రింగుకు తగిలి బయటికి పోయింది. స్టేడియమంతా అయ్యో అంది. సిద్దిరాములు తల పట్టుకుని కూలబడ్డాడు. నాకు గుండె కుదుటపడింది. అదీ చెప్పాలి. కన్న బిడ్డ చేతి బంతి తప్పిపోతే నాకు గుండె కుదుటపడింది.

రెండోసారి కూడా అదే అనుకున్నాను. బంతి రింగుకు తగలనే లేదు. వలలోంచి కిందికి జారింది.

మిగిలిన నాలుగు సెకండ్లూ గడిచిపోయాయి. ఆ పైన గోల. కుర్చీలు పడ్డాయి. ఎవరో నన్ను ఎత్తుకున్నారు. మైకులో నా పేరు వినబడింది.

“మన కెప్టెన్ మమతారాణి తండ్రి, సిరిసిల్ల నేతన్న రాయమల్లు గారు, బిడ్డ టీం కోసం తన చేతులతో నేసిన కండువాలను తానే కప్పాలని కోరుతున్నాం!”

బల్ల దగ్గరికి నడిచాను. తొమ్మిది మంది పిల్లలు వరుసగా నిలబడ్డారు. చెమటతో, ఏడుపుతో, నవ్వుతో ఉన్నారు. శ్రీరాంపూర్ పిల్ల మమత చెవిలో ఏదో అంది. సదానందం మూట విప్పాడు. విప్పి, పైదాన్ని ఎత్తి, కిందిదాన్ని ఎత్తి, అన్నీ ఎత్తి చూశాడు.

“మామా, మనయి ఏయి?” అన్నాడు మెల్లగా.

ఒక కండువా నా చేతిలో పెట్టాడు. ఇంకేం చేస్తాడు? అందరూ చూస్తున్నారు. మమత అప్పటికే తల వంచింది. కండువా కప్పించుకోవడానికి వంచిన ఆ మెడ ముందు నేను వంకాయరంగు అంచు పట్టుకుని నిలబడ్డాను. ఎంతకూ కప్పకపోయేసరికి తలెత్తింది. అంచు చూసింది. పేరు చదివింది.

“మాయి ఎన్ని నేసినవ్ బాపు?”

“లేవు.”

“ఒక్కటి గూడ?”

“నెయ్యలే.”

అది ఏడవలేదు. నా చేతిలోంచి కండువా తీసుకుంది. అటు వైపు రాజధాని పిల్లలు నేల మీద కూర్చుని ఏడుస్తున్నారు. నేరుగా వాళ్ల దగ్గరికి పోయి, ఆ పొడుగు పిల్ల మెడలో వేసి, చేయి పట్టి లేపింది. అది చూసి మిగతా పిల్లలు వచ్చి తలా ఒకటి తీసుకుపోయి ఎదుటి టీంకు కప్పారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముందే అనుకుని చేసిందే అనుకున్నారు. ఫొటోలు తీశారు. నన్ను కూడా తీశారు.

టీం బస్సెక్కే ముందు మమత నా దగ్గరికి వచ్చింది. వట్టి మెడతోనే ఉంది.

“తిన్నవా బాపు?” అంది.

తిన్నానన్నాను. అదీ అబద్ధమే.

మరునాడు పొద్దున చాయ్ హోటల్లోకి అడుగుపెట్టేసరికి సిద్దిరాములు పేపరు పట్టుకుని పైకి చదువుతున్నాడు. మమత ఫొటో, పక్కన నా ఫొటో. ‘ఓడినవారికే కండువా: నేతన్న పెద్దమనసు.’

“చూసినవా బావా! నువ్వు మాట్లాడవు గని, లోపల గింత ఆలోచన పెట్టుకున్నవా? గుళ్లె కండువా గూడ గందుకేనా? నిన్ను ఒట్టిగ ఎక్కిరిస్తిమి గదనయ్యా!”

హోటలాయన నాకు కుర్చీ వేశాడు. చాయ్ పైసలు వద్దన్నాడు. నేను కూర్చోలేదు.

“చిలకపచ్చయి నెయ్యనే లేదు,” అన్నాను.

“అంటే?”

“గెలువరనుకున్న. వాళ్లయే ముందుగాల ఎక్కించిన. పిల్ల అడిగితే నేస్తున్న అని అబద్ధం చెప్పిన.”

“ఊకో బావా, పొద్దుగాల్నే పరాచికాలా?”

“పరాచికం గాదు.”

ఎవరూ నవ్వలేదు. సిద్దిరాములు పేపరు మడిచాడు. బంతి పడొద్దనుకున్న సంగతి మాత్రం అక్కడ కూడా నోట రాలేదు.

ఇంటికి వచ్చాను. కనకవ్వ చిలకపచ్చ పడుగును మగ్గం పక్కన పెట్టి, పొయ్యి దగ్గరికి పోయింది. నేను గుంటలో దిగాను. వేళ్లు ధోవతికి తుడుచుకున్నాను. మొదటి చిలకపచ్చ పోగు తీసుకుని, మిగిలి ఉన్న వంకాయరంగు కొసకు అతికాను. తర్వాత రెండోది అందుకున్నాను.