కదలాల్సిన కొక్కెం

నేను ఒక కొలత టేపుని. ఐదు మీటర్ల ఉక్కు నాలుక, పసుపు రంగు, పొట్టలో స్ప్రింగు. నాలుక ఉందని మాట్లాడతాననుకోకండి. మాట్లాడగలిగి ఉంటే, ఒక మనిషి తన వృత్తినే వదిలేసుకునే దాకా వచ్చేది కాదు. తప్పు ఎవరిదో మొదటిరోజే చెప్పేసేదాన్ని. చూసింది నేనొక్కదాన్నే. సుత్తి దెబ్బలు తిన్నదీ నేనే.

ముందు నా కొక్కెం సంగతి చెప్పాలి. నా కొసన ఒక చిన్న ఇనుప కొక్కెం ఉంటుంది. దాన్ని నా నాలుకకి రివెట్లతో బిగించారు, కానీ వదులుగా బిగించారు. వేలితో కదిపితే ముందుకీ వెనక్కీ ఒక్క మిల్లీమీటరు జరుగుతుంది. అది లోపం కాదు. కావాలని చేసిన ఏర్పాటు. పలక అంచుకి తగిలించి లాగితే కొక్కెం తన మందమంత బయటికి వస్తుంది. గోడకి ఆనించి నెడితే అంతే లోపలికి పోతుంది. అలా జరిగితేనే తగిలించి తీసిన కొలతా, ఆనించి తీసిన కొలతా ఒకటిగా వస్తాయి. జరగకపోతే నేను అబద్ధం చెబుతాను.

ఈ చిన్న విషయం కొనేవాళ్ళకి తెలియదు. మండపేట బజార్లో వీర్రాజు హార్డ్‌వేర్ షాపులో, తాళాలకీ తలుపు బందులకీ మధ్య మేకుకి వేలాడినన్నాళ్ళూ నాకు జరిగిన అవమానం ఇంతా అంతా కాదు. మామిడిపండు కొనాలంటే పది పళ్ళు వాసన చూస్తారు. చొక్కా గుడ్డ కొనాలంటే నలిపి చూస్తారు. టేపు కొనేటప్పుడు మాత్రం రంగు చూస్తారు, రబ్బరు పట్టు చూస్తారు, వదిలితే టప్‌మని లోపలికి పోతుందా లేదా చూస్తారు. ఒకాయన నన్ను ఆడించి ఆడించి, తన తోడల్లుడి టేపు ఎర్రదని వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళంతా నా కొక్కెం పట్టుకుని ఊపేవాళ్ళు.

"ఏంటండీ బాబూ, కొత్త టేపు అప్పుడే ఊగిపోతోంది?"

"ఆయ్, ఆ సరుకంతా అంతేనండి. గట్టిది చూపిస్తానుండండి" అని వీర్రాజు లోపల్నించి కొక్కెం కదలని నాసిరకం టేపు తెచ్చేవాడు. వాళ్ళు దాన్ని మురిసిపోతూ పట్టుకెళ్ళేవాళ్ళు. నేను మేకుకే ఉండేదాన్ని. ఒళ్ళు మండిపోయేది.

ఒక ఉదయం భద్రాచారి వచ్చాడు. మండపేటలో తలుపులూ మెట్లూ చేయించుకోవాలంటే ముందు తలుచుకునే వడ్రంగి. ఆయన నా రంగు చూడలేదు. సంచిలోంచి ఒక టేకు బద్ద తీశాడు. నన్ను దాని అంచుకి తగిలించి కొలిచాడు. తర్వాత బద్ద చివర గోడకి పెట్టి, నన్నూ గోడకి ఆనించి మళ్ళీ కొలిచాడు. రెండుసార్లూ అదే గీత. నా నాలుకని గాల్లోకి బారుగా లాగి ఎంత దూరం వంగకుండా నిలబడుతుందో చూశాడు. అప్పుడు నవ్వాడు.

"ఇది ఇచ్చెయ్యండి."

"అది లూజండీ ఆచారి గారూ."

"లూజు కాబట్టే అడుగుతున్నానండి" అన్నాడు.

నా జీవితంలో నన్ను చూసి కొన్న మనిషి ఆయనొక్కడే. మిగతావాళ్ళు నన్ను వాడుకున్నారు.

ఆయన కార్ఖానాలో నాకు బాగానే గడిచింది. టేకు పలకలు, వేప దూలాలు, రంపపు పొట్టు వాసన. ఆయన భార్య రాజ్యం పాలిష్ పని చూసేది. ఆమె గరుకు కాగితం పట్టిందంటే చెక్క అద్దమైపోయేది. నోరు కూడా గరుకు కాగితమే. ఆమె తమ్ముడు మోహనాచారి అక్కడే పని నేర్చుకుని, బావ పక్కన రెండో మేస్త్రీగా ఎదిగాడు. మంచి చేయి, మంచి మాట. ఆ మంచి మాటతోనే మా కొంప ముంచాడు.

భద్రాచారి కంట్లో శుక్లం వచ్చింది. ఆపరేషన్ చేశారు. కొన్నాళ్ళు వంగొద్దు, సుత్తి పట్టొద్దు అన్నారు. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు నేను పనిముట్ల పెట్టెలో ఉండిపోయాను. ఒక మధ్యాహ్నం పనివాళ్ళు భోజనాలకి వెళ్ళాక మోహన్ పెట్టె తెరిచాడు. నన్ను తీసి కొక్కెం కదిపాడు.

"పాపం బావ. ఈ ఊగేదాంతోనే నెట్టుకొస్తున్నాడు" అన్నాడు తనలో తను.

అరవాలనిపించింది. అతను కొక్కేన్ని లోపలికి నెట్టి పట్టుకుని, ఇనుప ముక్క మీద పెట్టి సుత్తితో కొట్టాడు. రివెట్లు అణిగిపోయాయి. కొక్కెం బిగుసుకుపోయింది. మళ్ళీ ఇంకో దెబ్బ కొట్టాడు, అవసరం లేకపోయినా. నన్ను తుడిచి, చాలా గొప్ప పని చేసినట్టు పెట్టెలో పెట్టాడు.

అప్పటికి అతని మనసులో చెడు లేదు. ఆ మాట నేనే చెబుతున్నాను. తెలియక చేసినవాడి మీద కోపం ఎంతసేపుంటుంది? నా కోపం ఆ తర్వాత జరిగినదాని మీద.

రైసు మిల్లు సూర్రావు గారు కొత్త ఇల్లు కడుతున్నారు. లోపల టేకు మెట్లు చేయించుకుంటున్నారు. మెట్లు కుదిరితే సింహద్వారం తలుపు కూడా భద్రాచారికే. కోలుకున్నాక ఆయనకి అదే మొదటి పని. మెట్ల రెండు వైపులా పొడవాటి పక్క పలకలు నిలబెట్టి ఉన్నాయి. వాటి మధ్య మెట్టు పలకలు బిగుతుగా కూర్చోవాలి. పక్క పలకల మధ్య దూరం పైనొకటీ కిందొకటీ ఉంటుంది కాబట్టి, ఏ మెట్టుకి ఆ మెట్టు విడిగా కొలిచి కోయడం భద్రాచారి పద్ధతి. నన్ను రెండు పలకల మధ్య ఆనించి కొలిచాడు. ఆ కొలత సరిగ్గానే వచ్చింది. తర్వాత నన్ను టేకు పలక అంచుకి తగిలించి అదే కొలతకి గీత గీశాడు. అక్కడే తప్పింది. బిగుసుకున్న కొక్కెం బయటికి జరగలేదు. గీత మిల్లీమీటరు ముందే పడింది. ప్రతి పలక మీదా అంతే.

నా కొక్కెం సంగతి ఆయనకి తెలియదా అంటారేమో. తెలుసు. ఆ కదలిక చూసే నన్ను కొన్నాడు. ఒకసారి చూసి నమ్మాక మళ్ళీ పరీక్షించలేదు, అంతే.

గీతలు గీయడం వరకే ఆయన పని. కోసి బిగించింది మోహన్. మెట్టు పలక సుత్తి దెబ్బ అడక్కుండానే జారి కూర్చునేసరికి అతను ఆగాడు. పలక తీసి తన సొంత టేపుతో కొలిచాడు. బావ పెన్సిలుతో రాసిన అంకె చూశాడు. తేడా ఉంది. అప్పుడు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. కొక్కెం కదిపాడు. కదల్లేదు. అణిగిన రివెట్ల మీద బొటనవేలు పెట్టాడు.

ఆ ముఖం నాకు బాగా గుర్తుంది. అంతా అర్థమైపోయిన ముఖం. చుట్టూ చూశాడు. నన్ను మెల్లగా పెట్టెలో పెట్టి మూత వేశాడు. మూత సందులోంచి నాకు అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. మెట్లకి స్క్రూలు దట్టించాడు.

సూర్రావు గారు మెట్టెక్కారు. కిర్రుమంది. రెండోది ఎక్కారు. అదీ కిర్రుమంది.

"ఏంటయ్యా ఆచారీ, పిల్లి తోక తొక్కినట్టు అరుస్తోంది? ప్రతి మెట్టూ పలకరిస్తోందేంటి నన్ను?"

భద్రాచారి వంగి మెట్టు చూస్తున్నాడు. మోహన్ ముందుకొచ్చాడు. గొంతు నిండా జాలి.

"బావ గారిని ఏమనకండి. కన్నింకా కుదురుకోలేదండి. గీత ఓ పిసరు అటూ ఇటూ కనపడద్ది మరి."

"అయితే తలుపు పని నువ్వు చూసుకుంటావా?"

"ఆయ్. నేను చూసుకుంటానండి."

ఒక్క వాక్యంతో బావ కన్ను పొడిచేశాడు. భద్రాచారికి నా మీద అనుమానం రాలేదు. తన కంటి మీద వచ్చింది. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, తన చేతిని తనే చూసుకున్నాడు. పెట్టెలో నేను బుసలు కొడుతున్నాను. ఎవరికి వినిపిస్తుంది?

ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు.

"దసరాకి ఆయుధ పూజ అవగానే బాడిస మీ తమ్ముడి చేతికిచ్చేస్తా రాజ్యం."

బాడిస అంటే చెక్క చెక్కే పనిముట్టు. ఆ కార్ఖానాలో పెద్దమేస్త్రీ బాడిస ఎవరి చేతికి వెళితే వాళ్ళే పెద్ద. ఇచ్చినవాళ్ళు మళ్ళీ పనికి చేయి పెట్టరు.

"ఒక్క మెట్టు తప్పినందుకేనా?" అంది రాజ్యం.

"ఒక్కటి కాదే. అన్నీ తప్పాయి."

"అన్నీనా?" అంది ఆమె.

మర్నాడు ఆ మెట్లకి ఆఖరి పూత వేయడానికి వెళుతూ, గరుకు కాగితాలు కొలిచి కత్తిరించుకోవడానికి నన్ను సంచిలో వేసుకుంది. కింది మెట్టు దగ్గర కూర్చుని, పలకకీ పక్క పలకకీ మధ్య సందులో కాగితం దూర్చింది. వదులుగా ఉంది. మడతపెట్టి దూర్చింది. సరిపోయింది. పై మెట్టు దగ్గరా అదే మడత సరిపోయింది. ఆ పైదానికీ అంతే. ఆమె పైకి ఎక్కుతూ పోయింది, మెట్లు కిర్రుమంటూ పోయాయి. పైనుంచి దిగేటప్పుడు ఆమె నడకే మారిపోయింది.

ఇంటికొచ్చి నన్ను ఒక పలకకి తగిలించి కొలిచింది. గోడకి ఆనించి కొలిచింది. ఇంకోసారి కొలిచింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆయుధ పూజనాడు పనిముట్లన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి వరసగా పేర్చారు. ఉలులు, రంపాలు, చిత్రికలు, వాటి మధ్య నేను. సూర్రావు గారు కూడా వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. భద్రాచారి బాడిస రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మోహన్ తలవంచి చేతులు చాపాడు. భయభక్తులు భలే నటించాడు.

"ఆగండి" అంది రాజ్యం.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"సూర్రావు గారూ, కళ్ళజోడు తీసేసి నడిస్తే మీరు గుమ్మానికి ఏ పక్క కొట్టుకుంటారండీ?"

"ఏ పక్కైనా కొట్టుకుంటానమ్మా. అదేం ప్రశ్న?"

"మరి ఈయన కన్నే తప్పితే కొన్ని మెట్లు పొట్టిగా, కొన్ని పొడుగ్గా రావాలి కదండీ. అన్నీ పొట్టే వచ్చాయి. అదీ ఒక్క కాగితం మడతంత. కన్ను అంత వరసగా తప్పుద్దా?"

జవాబు కోసం ఆగకుండా నన్ను తీసింది. ఒక పలకకి తగిలించి లాగింది. "ఎంతో చదవండి" అంది. సూర్రావు గారు వంగి చదివారు. అదే పలకని గోడకి పెట్టి, నన్ను గోడకి ఆనించి, "ఇప్పుడు చదవండి" అంది. ఆయన చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఒక గీత తేడా ఉందేంటమ్మా?"

"పలక ఒకటే. కొలతలు రెండు. చూసిన కళ్ళు మీవేనండి, ఈయనవి కావు."

భద్రాచారి బాడిస కింద పెట్టాడు. నన్ను ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. బొటనవేలితో కొక్కెం నెట్టాడు. వెలుతురులోకి తిప్పి రివెట్లు చూశాడు. ఆపరేషన్ అయిన కంటితోనే చూశాడు. సుత్తి గుర్తులు స్పష్టంగా కనిపించాయి.

"ఎవరు కొట్టారు?"

మోహన్ చేతులు ఇంకా చాచే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చినట్టు దించుకున్నాడు.

"నేనే బావా. లూజుగా ఉందని... మంచికేననుకుని..."

"కొట్టినందుకు కాదు అడిగేది. అది చాలామంది చేస్తారు. దీని సంగతి నీకెప్పుడు తెలిసింది?"

మోహన్ నేల చూశాడు. "మెట్లు బిగిస్తున్నప్పుడు."

"తెలిసే కన్ను పోయిందన్నావా?" రాజ్యం గొంతు లేచింది. "నలుగురి ముందూ జాలిపడుతూ అన్నావు కదరా! ఆయన రాత్రీ పగలూ ఆ కన్ను మూసుకుని తెరుచుకుని చూసుకుంటా ఉంటే, పక్కన కూర్చుని నా చేతి అన్నం తిన్నావు. ఎలా దిగిందిరా గొంతులోకి?"

"అక్కా..."

"ఈ పూట అక్కా అనకు."

సూర్రావు గారు గొంతు సవరించుకున్నారు. "మరి నా తలుపు సంగతి?"

"నేనే చేస్తానండి" అన్నాడు భద్రాచారి. బాడిస తీసి తన పక్కన పెట్టుకున్నాడు. తర్వాత మోహన్ వైపు తిరిగాడు. "రేపు మెట్లన్నీ ఊడదియ్యి. ఒక్కోటీ నేను కొలుస్తా, నువ్వు కొయ్యి. చప్పుడు లేకుండా సూర్రావు గారు పైకెక్కే దాకా నువ్వు ఇంకో పని ముట్టుకోవద్దు. ముందెళ్ళి కొత్త టేపు పట్రా. ఎలాంటిది తేవాలో ఇప్పుడైనా తెలుసుగా?"

పోల్చి చూసుకోమని నన్ను కూడా అతని జేబులో పెట్టి పంపాడు. వీర్రాజు షాపులో మోహన్ ఒక్కో టేపు కొక్కెం కదిపి చూస్తుంటే వీర్రాజు కంగారుపడ్డాడు. "అవి లూజండి. గట్టిది లోపలుంది, ఉండండి."

"లూజుదే కావాలండి" అన్నాడు మోహన్, తల ఎత్తకుండా.

మెట్లు ఇప్పుడు అరవవు. తలుపు నిలబడింది. నేను పనికి రాను. అణిగిన రివెట్లు మళ్ళీ లేవవు. నన్ను పారేయమని మోహన్ ఒకసారి అడిగాడు. రాజ్యం నన్ను కార్ఖానా గుమ్మం పక్కన మేకుకి తగిలించింది. మళ్ళీ మేకుకే వచ్చాను.

ప్రతి దసరాకీ నన్ను దించుతుంది. పనిముట్ల వరసలో పెట్టి కుంకుమ భరిణె తమ్ముడి ముందుకు జరుపుతుంది.

"దీనికి నువ్వే పెట్టరా."

అందరూ చూస్తుండగా మోహన్ వేలు కుంకుమలో ముంచుతాడు. ఉలికి పెడతాడు, రంపానికి పెడతాడు. నా దగ్గరికొచ్చి, ఆ రివెట్ల మీదికి రాగానే వేలు ఆగుతుంది. ఎర్రగా అక్కడే వణుకుతుంది. మిగతావాళ్ళు పాపం అంటారు. క్షమించేయొచ్చు కదా అని గొణుగుతారు. వాళ్ళ కళ్ళ మీద ఎవరూ అబద్ధం మోపలేదు.

నాకైతే ఆ వేలు వణకాలి. ఏటా వణకాలి.